గట్టు మీది నలుపు

గుణదల, విజయవాడ
18 జూన్ 1974

చెల్లెలు తెరేసమ్మకు,

నీ క్షేమం అడగను. అది నిన్న సాయంత్రమే తెలిసింది. మీ ఆయన అంతోని వచ్చాడు. చెప్పులు విప్పలేదు, కూచోలేదు. గుమ్మంలో నిలబడి, "బావగారూ, మీ చెల్లెలి కాలు మోకాలి కిందికి తీసెయ్యాలన్నారండి. వచ్చే నెల ఇరవయ్యో తారీకు ఇచ్చారు" అని చెప్పి, బస్సు టైమయిందని వెళ్ళిపోయాడు. నీ మడమ మీద నల్లమచ్చ ఆర్నెల్లుగా పెరుగుతోందని మీ ఇంట్లో కోళ్ళకు కూడా తెలుసు. తెలియనిది నాకొక్కడికే.

తియ్యమన్నది ఎవరు? పెద్ద సర్జనుగారు. ఎంతసేపు చూశాడని అడిగాను. "గుమ్మం దగ్గర్నుంచే చూసి చెప్పేశారండి, అంత అనుభవం" అన్నాడు అంతోని, మెచ్చుకోలుగా. ఆ అనుభవం నేనెరుగుదును. 1949లో అతను నా దగ్గర జువాలజీ చదివాడు. కప్పను అందరికన్నా ముందు కోసేసి, తర్వాత నా బల్ల దగ్గరికొచ్చి "ఇప్పుడు నేను కోసింది ఏంటి సార్?" అని అడిగేవాడు. అతన్ని పాసు చేసింది నేనే. ఫలితం ఇవాళ నీ కాలి దాకా వచ్చింది.

ఈ ఊళ్ళో డాక్టర్లను నేను పొగడగా నువ్వు విని ఉండవు. డెబ్బయ్యేళ్ళలో ప్రిన్సిపాళ్ళనూ చూశాను, పత్రికల సంపాదకులనూ చూశాను, మన చుట్టాలనూ చూశాను. మెచ్చుకోదగ్గవాళ్ళను లెక్కపెట్టడానికి ఒక చేయి ఎక్కువ. అందులో ఒక వేలు గవర్నరుపేటలో కళ్ళద్దాల షాపు మీద మేడ గదిలో కూచునే డాక్టర్ హన్నాకు ఇస్తాను. చర్మం డాక్టరు. పుట్టుమచ్చను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తుంది. మచ్చ వట్టి మచ్చేనా, మెలనోమా అనే నల్ల కాన్సరా అని, కత్తి పెట్టకముందే కనిపెట్టడానికి ప్రయత్నిస్తుంది. పై దేశాల్లో ఒకరిద్దరు ఇలా చూస్తున్నారని మూడేళ్ళ కిందట ఒక వైద్య పత్రికలో చదివాను. మన ఊళ్ళో ఈవిడ ఒక్కర్తే చేస్తోంది, అదీ చప్పుడు లేకుండా.

నాకెలా తెలుసని అడక్కు. ఇరవయ్యో తారీకులోగా వచ్చి ఆవిడకు నీ మడమ చూపించు. తీసిన కాలు మళ్ళీ మొలవదు, అది బల్లి తోక కాదు.

మీ అన్నయ్య
బాలశౌరి


తూర్పుపాలెం, కూచిపూడి పోస్టు
27 జూన్ 1974

అన్నయ్యకు తెరేసమ్మ వ్రాయునది,

నీ ఉత్తరం ఆయనే పైకి చదివాడు. కోళ్ళ మాట దగ్గర నవ్వాడు, తన మాట దగ్గర నవ్వలేదు. "మీ అన్నయ్య ఉత్తరం రాస్తే స్టాంపుకి కూడా నోరు మండుద్ది" అన్నాడు. ఆయన్ని ఏమనకు. ఆ సర్జను చెప్పిన రోజు నుంచీ నాలుగు ముద్దలు కూడా సరిగా తినడం లేదు.

ఒకాయన కాలు తీస్తానంటాడు, నువ్వు ఆయన తల తీస్తానంటావు. మధ్యన నా నాట్లున్నాయి. ఇంకో పది రోజుల్లో కాలవకి నీళ్ళొదులుతారు. పద్నాలుగు మంది ఆడవాళ్ళ ముఠా నాది. ఎవరి చేలో ముందు దిగాలో, ఎవరి నారు ముదిరిందో చెప్పేది నేను. ముఠా పెద్ద గట్టు మీద కుర్చీ వేసుకు కూచుంటే నాటు వంకరపోతుంది. బురదలో దిగాలి. ఒంటికాలితో బురదలో దిగిన మనిషిని నువ్వెక్కడైనా చూశావా? నీ పుస్తకాల్లో ఉందా?

ఆ మచ్చ చిన్నప్పటిదే. మడమలో మచ్చ ఉంటే ఊళ్ళు తిరుగుతుందని అమ్మ అనేది. తిరిగింది చేలగట్లే. ఇప్పుడు కాస్త ముదురుగా అయింది, పెద్దదైంది. నాకు తెలిసిన వైద్యమేదో నేను చేయించుకున్నాను. అదేమిటో రాస్తే నాలుగు పేజీలు తిడతావు, రాయను.

ఒక్కటి అడుగుతాను. మన మేనత్త చనిపోతే కూడా "మంచి మనిషే, కానీ" అని రాసినవాడివి, ఈ డాక్టరమ్మ పేరు దగ్గర "కానీ" పెట్టలేదు. ఎవరావిడ?

నీ చెల్లెలు
తెరేసమ్మ


గుణదల, విజయవాడ
6 జూలై 1974

తెరేసమ్మా,

నువ్వు రాలేదు. కాబట్టి నేనే వెళ్ళాను. నా ముంజేతి మీద పుట్టుమచ్చ ఒకటుంది కదా, దాన్ని వంకగా పెట్టుకుని, చీటీ మీద శౌరయ్య అని రాయించి, పదకొండో నెంబరుగా కూచున్నాను. మారుపేరు ఎందుకని అడగబోకు.

ఆవిడకు నలభై ఏళ్ళుంటాయి. జుట్టు ముందువైపు నెరిసింది. రంగు వేయలేదు. గదిలో ఒక బల్ల, బల్ల మీద రెండు కళ్ళ మైక్రోస్కోపు. కొత్తది కాదు. ఏదో కాలేజీ వేలంలో కొన్నదట. వంచిన ఇనప కడ్డీకి దాన్ని బిగించి, మనిషి చేయైనా కాలైనా కిందికి జరిపేలా ఆటోనగర్‌లో ఒక మేస్త్రి చేత చేయించుకుంది. పక్కన టేబుల్ లైటు. ఒక గిన్నెలో నూనె.

నా మచ్చ మీద ఒక చుక్క నూనె వేసింది, పైన పల్చటి గాజు పలక పెట్టింది. "నూనె ఎందుకమ్మా?" అన్నాను. "ఒంటి మీద పడ్డ వెలుగు అద్దంలా తిరిగొచ్చి కళ్ళల్లో కొడుతుందండీ. నూనె వేస్తే లోపలికి దిగుతుంది. అప్పుడు చర్మం కిటికీ తెరిచినట్టే" అంది. తను చూసి, లేచి, కుర్చీ నాకిచ్చింది. డెబ్బయ్యేళ్ళు మోసిన నా చేతిని అప్పుడు మొదటిసారి చూశాను. నల్లగా ఒకే ముద్ద అనుకున్న మచ్చ అసలు ముద్ద కాదు. గోధుమరంగు దారంతో అల్లిన వల. కళ్ళన్నీ సమానం. అంచుల దగ్గరికి వచ్చేసరికి దారం సన్నబడి, చెరువులో మట్టి కలిసినట్టు మామూలు రంగులో కలిసిపోయింది. "ఇది మంచి మచ్చండీ. వల తెగినా, ఒక పక్కే ముదిరినా, అంచు కోసినట్టు ఆగినా నేను భయపడతాను" అంది.

అరికాలి మచ్చల సంగతి అడిగాను. ఆ మాటతో ఆవిడ ముఖం వెలిగింది. బల్ల సొరుగులోంచి లాంగ్‌సైజు నోటుపుస్తకం తీసింది. నిండా బొమ్మలు. అరికాలి మీద వేలిముద్రలాగా గీతలుంటాయి కదా, దున్నిన చేనులాగా గట్టు, పక్కనే పల్లంగా బోదె, మళ్ళీ గట్టు, బోదె. మామూలు పుట్టుమచ్చల్లో నలుపు ఎక్కువగా బోదెల్లో పారుతోందట. చెడ్డవాటిలో గట్టెక్కి కూచుంటోందట. "ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నాను. "ఎందులోనూ చూళ్ళేదండీ. ఇప్పటికి అరవై ఒక్క అరికాళ్ళు చూశాను. అందులో ఏడు చెడ్డవి. ఏడింటితో సూత్రం రాయకూడదు. ఇంకా చూడాలి" అంది.

ఏడింటితో సూత్రం రాయకూడదు! ఒక్కదానితో మూడు పుస్తకాలు రాసి, సన్మానం చేయించుకుని, శాలువా కప్పుకున్నవాళ్ళ పేర్లు నీకు పది చెప్పగలను. చెప్పను, కాగితం దండగ.

తెరేసమ్మా, ఈ జన్మలో నేను నిన్ను ఏదీ బతిమాలలేదు. ఇరవయ్యో తారీకు ఇంకెంతో లేదు. రా.

బాలశౌరి


తూర్పుపాలెం
15 జూలై 1974

అన్నయ్యకు,

వెళ్ళాను. నీకు చెప్పకుండానే వెళ్ళాను, నువ్వు పక్కనుంటే డాక్టరమ్మను మాట్లాడనివ్వవని.

మొదట కాలు చూసి ఆవిడ ఏమన్నదో తెలుసా? "నాకు తెలియడం లేదండీ" అంది. మా ఆయన ముఖం పాలిపోయింది. మైక్రోస్కోపులో అంతా కాటుక పూసినట్టు ఒకటే నలుపంట, గీతలే కనబడ్డం లేదంట. "దీని మీద ఏమైనా పెట్టారా?" అంది. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూచున్నాను. మళ్ళీ అడిగింది. "పిన్నీ, నేను తిట్టను. మా అమ్మమ్మా పెట్టేది" అంది. అప్పుడు చెప్పేశాను. జీడి పెట్టించాను అన్నయ్యా. మాఘమాసంలో ముల్లు గుచ్చుకుంటే మా ముఠాలో మార్త నల్లజీడి గింజ కాల్చి, ఆ చమురు చురక పెట్టింది. నొప్పి తగ్గింది. నెలకోసారి పెట్టించుకుంటూ వచ్చాను. మచ్చ నల్లబడితే జీడి నలుపే అనుకున్నాను, పెద్దదైతే జీడి పాకిందనుకున్నాను. బట్టల మీద చాకలి గుర్తు పెట్టే జీడి కదా, పోయేది కాదులే అని ఊరుకున్నాను. సర్జనుకు కూడా చెప్పలేదు. ఆయన అడగనూ లేదు.

డాక్టరమ్మ తిట్టలేదు. "జీడి నలుపు పైన చచ్చిన తోలు వరకేనండీ, లోపలికి దిగదు" అని, వేడినీళ్ళలో అరగంట నానబెట్టించి, చిన్న బ్లేడుతో పొర పొరగా, బెండకాయ తరిగినంత నెమ్మదిగా చెక్కింది. నొప్పి లేదు, చుక్క రక్తం లేదు. ఒక పొర తియ్యడం, నూనె వెయ్యడం, చూడ్డం. గంటన్నర పట్టింది. బయట జనం కసురుకుంటున్నా తల ఎత్తలేదు. చివరికి "ఆఁ, గట్లు కనబడుతున్నాయి" అంది, మన చేను వరదలోంచి తేలినట్టు.

మచ్చలో మూడొంతులు బోదెల్లోనే ఉందంట. అది నా చిన్నప్పటి మచ్చ. బొటనవేలి వైపు మూలన మాత్రం చింతగింజంత మేర గట్టెక్కిందంట. "ఆ మూల నాకు నచ్చలేదు పిన్నీ. అది చెడ్డదనే నా అనుమానం. కానీ చిన్నది, ఇంకా పైపైనే ఉన్నట్టుంది. మడమలో ఆ మేర చుట్టూ వేలెడు మందం తీస్తే చాలనిపిస్తోంది. కాలు తియ్యాల్సిన పని లేదనుకుంటున్నాను. అయితే నేను కోసే డాక్టర్ని కాదు, చూసే డాక్టర్ని. ఆ సర్జనుగారి దగ్గరికే నేనూ వస్తాను, మైక్రోస్కోపు పట్టుకుని" అంది. పద్దెనిమిదో తారీకు పొద్దున్న. నువ్వూ రా.

లేచేముందు "మీరు బాలశౌరి మాస్టారి చెల్లెలా? ఆయన మొన్న శౌరయ్య పేరుతో వచ్చారు" అంది. నవ్వలేదు, కోపంగానూ లేదు. లైటు ఆర్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. మీ ఇద్దరి మధ్యా ఏముందో నాకు చెప్పు.

తెరేసమ్మ


గుణదల, విజయవాడ
19 ఆగస్టు 1974

తెరేసమ్మకు,

నువ్వు ఆస్పత్రి నుంచి ఇంటికెళ్ళి వారమైంది. నీ మంచం పక్కన ఇరవై రోజులు కూచుని చెప్పలేనిది ఇప్పుడు కాగితం మీద చెబుతున్నాను. కాగితం నా ముఖంలోకి చూడదు.

ముందు మంచి మాట. మద్రాసు పంపిన ముక్క మీద రిపోర్టు నిన్న వచ్చింది. మూలన ఉన్నది మెలనోమాయే. పల్చగా, పైపొరల్లోనే ఉంది. అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి. మిగతాది వట్టి పుట్టుమచ్చ. మూడు నెలలకోసారి వచ్చి మడమా, గజ్జల్లో గడ్డలూ చూపించుకోవాలి. మానకూడదు. కాబట్టి సర్జను కాన్సరు అనడం తప్పు కాదు, నువ్వు పుట్టుమచ్చ అనడమూ తప్పు కాదు. ఇద్దరూ చూడకుండా నిజం చెప్పారు. చూసి చెప్పింది ఒక్కర్తే.

ఆ పద్దెనిమిదో తారీకున నువ్వు బల్ల మీద బోర్లా పడుకున్నావు. నీకు మాటలు వినబడ్డాయి, ముఖాలు కనబడలేదు. "డాక్టరమ్మా, మచ్చ చూడ్డానికి దేవుడు నాకు రెండు కళ్ళిచ్చాడు" అని సర్జను అన్నప్పుడు అతని పక్కనున్న కుర్ర డాక్టర్లందరూ నవ్వారు. "మంచి కళ్ళేనండీ. వాటిని కాస్త దగ్గరికి తీసుకెళదామని వచ్చాను" అన్నప్పుడు ఆవిడ కూడా నవ్వింది. కానీ స్క్రూ తిప్పేటప్పుడు ఊపిరి బిగబట్టింది. అది నేనొక్కణ్ణే చూశాను. తర్వాత అతను వంగాడు. చాలాసేపు లేవలేదు. నువ్వు "ఏమయ్యా, నిద్రపోయాడా?" అని గొణిగింది అప్పుడే. లేచి, కేసు షీటు తెప్పించి, తన చేత్తో రాసిందాన్ని తనే కొట్టేసి, మడమలో మచ్చ మేరకే తియ్యాలని కొత్తగా రాశాడు. పాతికేళ్ళుగా అతని మీద నేను చెబుతూ వచ్చిన కప్ప కథ ఇకముందు చెప్పడం కష్టం. తన మాటను తనే నలుగురి ముందూ కొట్టేసినవాణ్ణి నేను ఈ ఊళ్ళో ఇంకొకణ్ణి చూడలేదు. నన్ను నేను కలుపుకునే చెబుతున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. 1951లో హన్నా మా కాలేజీలో ఇంటర్మీడియట్ చదివింది. జువాలజీ ప్రాక్టికల్ పరీక్షలో వానపాము అడ్డుకోత స్లైడు ఇచ్చాను. అది పాత స్లైడు, ఒకచోట చిరిగి మడత పడింది. తక్కిన పిల్లలందరూ పుస్తకంలో ఉన్న గుండ్రటి బొమ్మ గీశారు. ఈ పిల్ల చిరుగుతో సహా, మడతతో సహా, ఉన్నది ఉన్నట్టు గీసింది. "పుస్తకంలో ఇలాగే ఉందా?" అన్నాను. "పుస్తకంలో లేదండీ, స్లైడులో ఉంది" అంది. పదిహేడేళ్ళ పిల్ల, అందరి ముందూ. నిజమని నాకు తెలుసు. తెలిసే యాభైకి పదహారు వేశాను. ఆ మార్కులతో ఆ ఏడు మెడికల్ సీటు పోయింది. మళ్ళీ రాసి, మరుసటి ఏడు చేరింది.

ప్రపంచం నాకు చేసిన అన్యాయాల మీద నేను ఎన్ని పేజీలు రాశానో నీకు తెలుసు. ఈ ఒక్క పేజీ ఎక్కడా రాయలేదు. పద్దెనిమిదిన ఆ గదిలో ఆవిడ నాతో అన్నది ఒకే మాట: "మాస్టారూ, ఆ లైటు కాస్త ఇటు పట్టుకోండి." పట్టుకున్నాను.

బాలశౌరి


తూర్పుపాలెం
29 మార్చి 1975

అన్నయ్యకు,

ఏడు నెలలు నీకు ఉత్తరం రాయలేదు. కాలు నొప్పి అనుకుంటున్నావేమో, కాదు, కోపం. నన్ను ఐదో క్లాసుతో మానిపించిన రోజున నాన్నతో పోట్లాడినవాడివి నువ్వొక్కడివే. "దాన్ని చదవనివ్వండి" అని రెండు రోజులు అన్నం మానేశావు. ఆ అన్నయ్యే ఇంకొకరి పిల్లకు అడ్డం పడ్డాడంటే నాకు మింగుడుపడలేదు. చెకప్పుకి వచ్చినప్పుడల్లా నీ వీధి చివర బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న పవిత్ర గురువారం డాక్టరమ్మ మా ఊరొచ్చింది. నేనే పిలిచాను. మా ముఠాలో ఎవరి అరికాలు ఎవరు చూశారు? ఆ రోజు గుళ్ళో ఫాదరుగారు, ప్రభువు శిష్యులకు కడిగినట్టు, పన్నెండు మంది మగాళ్ళ కాళ్ళు కడిగి ముద్దుపెట్టుకుంటారు. మా ఆయన పాదాలు ఆరేళ్ళుగా కడిగించుకుంటున్నాడు. బురదలో నానేది మేం, మా కాళ్ళు ఎవరికీ అక్కర్లేదు. మైక్రోస్కోపు గోనెసంచిలో కట్టుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చింది. బడి వరండాలో బల్ల వేశాం. ఆడవాళ్ళు వరసకట్టారు. మట్టి ఉంటే కనబడదు కదా, ఆవిడే పీట వేసుకు కూచుని ఒక్కొక్కరి కాళ్ళు రుద్ది కడిగింది. గుళ్ళో జపాలు చెప్పించే ఉపదేశి తాత ఊరుకుంటాడా? "అమ్మాయ్, ఇయ్యాళ ఆడోళ్ళ కాళ్ళు కడగడం ఆచారం కాదు" అన్నాడు. "ఆచారానికి కాదు తాతా, అద్దానికి" అంది మా మార్త. తాత గొణుక్కుంటూ వెళ్ళి, కాసేపటికి తనూ కాలు చాపాడు.

నలభై ముగ్గురివి చూసింది. ముల్లు దిగినవి, ఆనెలు, జీడి మచ్చలు, పుట్టుమచ్చలు. ఒక్కో కాలికీ నోటుపుస్తకంలో బొమ్మ గీసింది. మధ్యలో నేను అడిగేశాను, "మా అన్నయ్య చేసింది మీరు మర్చిపోయారా?" అని. చేతిలో కాలు వదలకుండానే చెప్పింది: "లేదు పిన్నీ. ఆ ఏడాదంతా మంచం కింద దూరి ఏడ్చాను. మర్చిపోయానని చెబితే మాస్టారు హాయిగా నిద్రపోతారు. అందుకని చెప్పను." ఆ కాలు తుడిచి, "కానీ నాకు నేర్పింది కూడా ఆయనే. ఫోకస్ చేసేటప్పుడు ఊపిరి బిగబట్టమనేవారు. ఇప్పటికీ అలాగే బిగబడతాను" అంది. ఈ రెండు మాటల్లో నీకు కావలసింది తీసుకోకు. రెండూ తీసుకో.

నలభయ్యో మనిషి మా ముఠాలో ఆదెమ్మ. నలుగురు పిల్లల తల్లి. అరికాలి మధ్యలో కందిగింజంత నలుపు. డాక్టరమ్మ వంగి, ఊపిరి బిగబట్టి, చాలాసేపు చూసింది. "ఇది గట్టు మీదుంది. సోమవారం బెజవాడ రావాలి" అంది. ఆదెమ్మ ఒక్క ఉదుటున కాలు లాక్కుంది. "నే రాను. కాలు తీసేత్తారు. కాలు లేని దాన్ని మా ఆయన ఇంట్లో ఉంచుకోడు" అని ఏడుస్తూ మెట్లు దిగి పరుగెత్తింది. నేను వెనకే వెళ్ళాను అన్నయ్యా, పరుగెత్తలేను గనక కుంటుకుంటూ వెళ్ళాను. ఆ కోత మచ్చ ఎవరికీ చూపించొద్దని మా ఆయన అంటాడు, అయినా బడి పక్క రేవు దగ్గర కూచుని, చెప్పు విప్పి, నా మడమ ఆదెమ్మ ఒళ్ళో పెట్టాను. తొడ మీది తోలు తెచ్చి అతికిన చోటు మీద అది వేలు పెట్టింది.

"ఇంతేనా తీసింది?"

"ఇంతే."

"నొప్పా?"

"గట్టు గడ్డి తగిల్తే చక్కిలిగిలి."

"మరి నీకూ గట్టు మీదే ఉందా?"

"మూలన. నాది ఇంకా పెద్దది. నేను ఆర్నెల్లు జీడి పెట్టుకుంటూ కూచున్నా. నీది చిన్నగా ఉండగానే దొరికింది."

అది నా మడమను చాలాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత కాలవ నీళ్ళతో ముఖం కడుక్కుని, "సోమవారం ఏ బస్సు?" అంది.

ఆరుంబావు బస్సు. ఆదెమ్మా, నేనూ, దాని చిన్నపిల్లా వస్తున్నాం. దానికి ఊరు కొత్త, ఆస్పత్రి కొత్త. టపాలో వేస్తే సోమవారంలోగా అందదని ఈ ఉత్తరం మా ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. నువ్వు బస్టాండు దగ్గర నిలబడు. సర్జను గురించి ఒక్క మాట మాట్లాడకు. పిల్లను ఎత్తుకో.

తెరేసమ్మ